మడతలో ఉండిపోయిన గుర్తు

శనివారం మధ్యాహ్నం కోదండరామ్ ఒంటరిగా చిన్న విమానం నడుపుకుంటూ నూట అరవై మైళ్లు తిరిగొచ్చాడనీ, అతనికి నేర్పుతున్న ఏక్తా హ్యాంగర్ ముందు ఎదురొచ్చి చేయి కలిపి మెచ్చుకుందనీ కిందటి వారం చదివారు. అనుకున్న దారి వదిలి వెళ్లిన ఇరవై నిమిషాల గురించి గానీ, కిటికీకి అవతల పొగలోంచి ఉన్నట్టుండి దిగిన ఎర్రటి పారాచూట్ గురించి గానీ అతను ఎవరితోనూ అనలేదు. ఆలస్యం ఎందుకైందంటే ఎదురుగాలి అన్నాడు. ఆదివారం గడిచింది. సోమ, మంగళవారాలూ గడిచాయి. బుధవారం ఆఫీసులో ఉండగా ఏక్తా మెసేజ్ పెట్టింది. నాలుగింటికి ఫ్లయింగ్ స్కూలుకి రమ్మని, శనివారం దారి చూసుకోవడానికి వాడిన పటం, ఆ చార్ట్ కూడా తెమ్మని.

కోదండరామ్‌కి నలభై ఆరేళ్లు. రాజమండ్రిలో చదివి, న్యూజెర్సీలో తొమ్మిదేళ్లు పనిచేసి, కెనడాలో శాశ్వతంగా ఉండే పీఆర్ వచ్చాక సస్కటూన్ చేరాడు. వ్యవసాయ యంత్రాలు తయారుచేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. ఊరి బయట ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో నిరుటి శరదృతువులో చేరాడు. తన టీమ్‌లో పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా తప్పు దాస్తే అతను ఊరుకునేవాడు కాదు. మీటింగుకి పిలిచి, తలుపు వేసి, నెమ్మదిగా మాట్లాడి ఒప్పించేవాడు. ఆ రోజు హైవే మీద డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఆ సంగతే గుర్తొచ్చింది.

స్కూల్లో బ్రీఫింగ్ గది చిన్నది. పొడవాటి బల్ల, గోడ మీద చుట్టుపక్కల రెండొందల మైళ్ల చార్ట్. బల్లకి ఒక వైపు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. పక్కన ఏక్తా. ఇటు వైపు స్నేహ ఉంది. స్నేహ కరీంనగర్ అమ్మాయి, ఇరవై మూడేళ్లు. స్టడీ పర్మిట్ మీద వచ్చి కమర్షియల్ లైసెన్స్ కోసం చదువుతోంది. కోదండరామ్‌ని చూసి, "నమస్తే అంకుల్," అని మెల్లగా అంది.

చీఫ్ ముందు మాటలేవీ లేకుండా మొదలుపెట్టాడు.

"శనివారం మూడు గంటలకి ఇక్కడికి నలభై మైళ్ల దూరంలో స్కైడైవింగ్ క్లబ్ వాళ్లు ఎనిమిది మంది దూకారు. గాల్లో ఉండగా వాళ్ల మధ్యలోంచి ఒక విమానం వెళ్లింది. తెల్ల సెస్నా, ఎర్ర చార. అడవి మంటల పొగ వల్ల నంబరు ఎవరూ చదవలేకపోయారు. ఒకావిడ తప్పుకోబోయి ఒక్కసారిగా పక్కకి తిరిగింది. కనోలా చేలో పడింది. చీలమండ రెండు చోట్ల విరిగింది. ఆవిడకి యాభై రెండేళ్లు."

చీఫ్ కోదండరామ్‌నీ స్నేహనీ మార్చి మార్చి చూశాడు.

"అలాంటి విమానాలు ఆ మధ్యాహ్నం మనవి రెండే బయట ఉన్నాయి. మీ ఇద్దరివి. ఆ దూరంలో, ఆ ఎత్తులో రాడార్‌కి ఏదీ దొరకలేదట."

లేచి గోడ మీది చార్ట్‌లో ఒకచోట వేలు పెట్టాడు. దువ్వెన పళ్లలాంటి గీతలతో చుట్టిన చిన్న వలయం. లోపల కొన్ని అంకెలు, వాటి పక్కన 'పి' అనే అక్షరం. పి అంటే పారాచూట్లు. ఆ గుర్తు నేర్చుకోని విద్యార్థి లేడు. గ్రౌండ్ స్కూల్‌లో, అంటే నేల మీది పాఠాల్లో, రెండో వారంలోనే చెప్తారు.

"దీని లోపలికి వెళ్లడం నేరం కాదు. ఇది నిషేధించిన చోటు కాదు, సలహా ఇచ్చే చోటు. పక్కనుంచి వెళ్లమని చెప్తుంది, అంతే. బలవంతం చేయదు. అందుకే దాన్ని మనం ఇంకా ఎక్కువ గౌరవించాలి. ఇద్దరూ ఆ రోజు నిజంగా ఎగిరిన దారి గీయండి. వేసుకున్న ప్లాన్ కాదు, ఎగిరిన దారి."

ఏక్తా ఇద్దరి ముందూ ఒక్కో పెన్సిలు పెట్టింది.

కోదండరామ్ తన చార్ట్ తీశాడు. ఆ రోజు ఎలా మడిచాడో అలాగే ఉంది. కాక్‌పిట్‌లో చార్ట్ మొత్తం విప్పడానికి చోటుండదు కాబట్టి, తన దారి వరకూ పైకి కనిపించేలా మడిచి తొడకి కట్టుకున్నాడు. వలయం ఉన్న భాగం మడత అవతల ఉండిపోయింది. తను వెళ్లాల్సిన దారిలో అది లేనే లేదు మరి. దారి వదిలిన తర్వాతైనా మడత తిప్పి చూడాలి. చూడలేదు. అప్పుడు అతని కళ్లు చార్ట్ మీద లేవు. ఒక సరస్సు కోసం, ఆ ఒడ్డున ఉండే గుడారాల కోసం వెతుకుతున్నాయి.

రేడియోలో మాట వినిపించింది కూడా. "రెండు నిమిషాల్లో జంపర్లు దూకుతారు" అని ఎవరో చెప్పారు. ఊరి పేరూ చెప్పారు. ఆ ఊరు ఎక్కడో ఉందనుకున్నాడు. నిజానికి అప్పుడు అది అతని రెక్క కిందే ఉంది.

అతను స్కేలు అందుకున్నాడు. బయల్దేరిన చోటు నుంచి మొదటి ఊరికి, అక్కడి నుంచి రెండో ఊరికి, మళ్లీ స్కూలుకి గీతలు గీశాడు. ప్లాన్‌లో ఎలా ఉందో అలాగే. గాలిలో ఎవరి దారీ అంత తిన్నగా ఉండదు. ఏక్తా ఆ గీతల వంక చూసింది. 

స్నేహ స్కేలు తీసుకోలేదు. చేత్తోనే గీసింది. రైలు పట్టాలు పట్టుకుని కొంత దూరం, పొటాష్ గని దగ్గర మలుపు, ఆ తర్వాత గీత ఆగిపోయింది. అక్కడి నుంచి చుక్కలు పెట్టింది. ఒక ఊళ్లో ఎత్తుగా నిలబడే ధాన్యం గిడ్డంగి, ఎలివేటర్ దగ్గర మళ్లీ గీత మొదలైంది.

"ఇక్కడ పది నిమిషాలు నేనెక్కడున్నానో నాకు తెలియదు," అంది ఇంగ్లీషులో. "పొగలో పట్టాలు పోగొట్టుకున్నాను. ఈ ఎలివేటర్ కనిపించాకే దారి దొరికింది. నాకు పారాచూట్లేవీ కనిపించలేదు. కానీ ఆ పది నిమిషాల్లో నేను అక్కడికి వెళ్లి ఉండొచ్చు. కాదని చెప్పలేను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పైలట్ కాబోయే మనిషి దారి తప్పాననడం తేలిక కాదు.

చీఫ్ కోదండరామ్ వైపు తిరిగాడు. "మీరు?"

"నా దారి మీదే ఉన్నాను."

గొంతు వణకలేదు. మీటింగుల్లో మాట్లాడే గొంతే, ధీమాగా వచ్చింది. 

"సరే," అన్నాడు చీఫ్. "స్నేహా, మీరు గుర్తున్నంతవరకు రాసి రేపు పొద్దున తీసుకురండి. విషయం తేలేదాకా సోలో ఫ్లయింగ్ ఆపుదాం."

స్నేహ తలూపింది. చార్ట్ మడవబోతే చేతికి సరిగ్గా మడతపడలేదు. కోదండరామ్ సాయం చేశాడు. అలవాటుగా చేశాడు. చేశాక చేతులు వెనక్కి తీసుకున్నాడు.

స్కూలు నుంచి ఊళ్లోకి సిటీ బస్సు లేదు. అంతకుముందు చాలాసార్లు లాగే స్నేహ అతని కారు ఎక్కింది. రెండు వైపులా ఆవచేలలా పసుపు పచ్చగా పూసిన కనోలా నూనెగింజల చేలు. ఎండ ఉన్నా పొగ వల్ల సూర్యుడు రాగిబిళ్లలా ఉన్నాడు. 

"అంకుల్, ఒకటి అడగాలె."

"అడుగమ్మా."

"నేనే అని రాసిచ్చేద్దామనుకుంటున్న. 'ఉండొచ్చు' అని కాదు. నేనే అని."

స్టీరింగ్ మీద అతని చేతులు బిగుసుకున్నాయి. "నువ్వేనని నీకు తెలీదు కదా."

"తెల్వదు. కానీ ఇంకెవరున్నరు? మీరు మీ రూట్ల ఉన్నరు. ఆమెకు కాలు విరిగింది అంకుల్. ఎవరో ఒకరు పోయి సారీ చెప్పాలె గదా. అనుమానంగ రాస్తే ఆమె ఎవరినని అనుకోవాలె?"

"తొందరపడకు. రెండు రోజులు ఆగు. వాళ్లే కనుక్కుంటారు."

ఆ సలహా తన నోట్లోంచి వచ్చినందుకు అతనికి సిగ్గేసింది. రెండు రోజులు ఆగితే ఏమవుతుందని? ఎవరికి లాభమని?

స్నేహ కిటికీలోంచి చూస్తూ అంది. "మా నాయన ఆర్టీసీల డ్రైవర్. కొమరయ్య అంటే మా డిపోల అందరికీ తెలుసు. ఒకసారి మలుపు కాడ ఎవరిదో గోడ గీరుకుపోయింది బస్సు. ఎవరూ చూడలే. ఆయనే డిపోకొచ్చి రాసిచ్చిండు. అమ్మ తిట్టింది. 'ఎవడన్న వచ్చి చెప్పినంక ఒప్పుకుంటే అది ఒప్పుకున్నట్టు కాదు, దొరికినట్టు' అన్నడు. నేనిక్కడికి వచ్చేటప్పుడు కూడా అదే చెప్పిండు. మీరైతే ఏం చేస్తరు అంకుల్? పెద్దోళ్లు, చెప్పండి."

ముందు రైల్వే గేటు పడింది. ధాన్యం బండి వస్తోంది. ఈ ఊళ్లో గూడ్స్ వస్తే పది నిమిషాలు కదలడానికుండదు. కోదండరామ్ ఇంజిన్ ఆపాడు. వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి బరువుగా సాగుతున్నాయి. లెక్కపెడదామని చూశాడు. పన్నెండు దాటాక లెక్క తప్పింది.

"స్నేహా, అది నువ్వు కాదు."

"మీకెట్ల తెలుసు?"

"నేను."

ఆమె అతని వైపు తిరిగింది. అతను తిరగలేదు. వ్యాగన్ల వైపే చూస్తూ చెప్పాడు. ఒకసారి మొదలయ్యాక మాటలు వాటంతట అవే వచ్చాయి. శనివారం తెలుగు అసోసియేషన్ పిక్నిక్. నలభై కుటుంబాలు. సరస్సు ఒడ్డున పార్కు. నిరుడు అక్కడే కిరీటి అనే స్నేహితుడు పులిహోర తింటూ, "విమానం నేర్చుకుంటానన్నావు, మమ్మల్ని ఎప్పుడు ఎక్కిస్తావు? మనవలు పుట్టాకా?" అని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు ఏడాది పాటు లోపల ఉండిపోయింది. అందుకని ఈసారి భార్య విశాలాక్షికి, కూతురు ధాత్రికి మాత్రమే చెప్పాడు. మూడింటికి పైకి చూడండి అని. దారికి పద్నాలుగు మైళ్లు పక్కకి పోయి, పార్కు మీద రెండు చుట్లు తిరిగి, రెక్కలు ఊపి వచ్చాడు. సరస్సుకి వెళ్లే దారిలోనే ఉంది ఆ వలయం.

"పారాచూట్ కనిపించిందా మీకు?"

"కనిపించింది. మనిషి కాళ్లు కూడా కనిపించాయి. పక్కకి తిప్పాను. వెనక్కి చూడలేదు."

ఆ సాయంత్రం ధాత్రి తీసిన వీడియో చూపించినప్పుడు, దాన్ని డిలీట్ చేయమన్నాడు. "వై, డాడ్? ఎవ్రీవన్ వాజ్ సో హ్యాపీ," అంది ఆ పిల్ల. రూల్స్ ఒప్పుకోవు అని చెప్పాడు. పదహారేళ్ల పిల్ల తండ్రి మొహంలోకి కాసేపు చూసి, ఇంకేమీ అడక్కుండా డిలీట్ చేసింది. ఆ సంగతి కూడా స్నేహకి చెప్పేశాడు. ఎందుకు చెప్తున్నాడో తెలీలేదు. ఇంక దాచడానికి ఏమీ మిగలకూడదనిపించింది.

ఆఖరి వ్యాగన్ వెళ్లిపోయింది. గేటు లేచింది. వెనకున్న ట్రక్కువాడు చిన్నగా హారన్ కొట్టాడు. కోదండరామ్ కారు పట్టాలు దాటించి పక్కన ఆపాడు.

"నేను చుక్కలు పెడుతున్నప్పుడు మీరు నా పక్కనే కూసున్నరు," అంది స్నేహ.

"అవును."

"నేను కాదని మీకు తెలుసు."

"తెలుసు."

"నా చార్ట్ మీరే మడతపెట్టిన్రు."

 ఆమె బ్యాగు అందుకుని తలుపు తీసింది.

"ఇంటి దగ్గర దింపి వెళ్తానమ్మా."

"వద్దు. ఆడ బస్ స్టాప్ ఉంది, నేను పోత. మీరు వెనక్కి పోండి. ఆరింటికి వాళ్లు తాళం వేస్తరు."

అంకుల్ అనలేదు. వెనక్కి చూడకుండా, బ్యాగు భుజానికి వేసుకుని గబగబా నడిచింది. కోదండరామ్ ఆమె స్టాప్ చేరేదాకా చూసి కారు తిప్పాడు.

అతను వెళ్లేసరికి బ్రీఫింగ్ గదిలో ఏక్తా ఒక్కతే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. కెనడా పడమటి తీరంలోని బర్నబీలో పెరిగింది. వాళ్లది ముత్తాతల కాలంలోనే ఫిజీ చెరుకు తోటలకి వెళ్లిన తెలుగు కుటుంబం. అక్కడి నుంచి తాత మునిసామి కుటుంబంతో కెనడా వచ్చాడు. ఏక్తాకి తెలుగు పది మాటలకి మించి రాదు. కోదండరామ్‌తో మాట్లాడేదంతా ఇంగ్లీషే.

అతను కూర్చోలేదు. చార్ట్ బల్ల మీద పెట్టి, మడతలన్నీ విప్పాడు. తను స్కేలుతో గీసిన గీతల్ని రబ్బరుతో చెరిపేశాడు. పెన్సిల్‌తో చేత్తో గీయడం మొదలుపెట్టాడు. మొదటి ఊరి తర్వాత గీత కుడి వైపు వంగింది. దువ్వెన పళ్ల వలయంలోంచి దూరిపోయింది. సరస్సు మీద రెండు చుట్లు తిరిగింది. అక్కడి నుంచి రెండో ఊరికి వెళ్లింది.

"నేనే," అన్నాడు. "ఇవాళ కాదు, శనివారం నుంచి తెలుసు."

ఏక్తా ఆ గీతను చూస్తూ, "ఎందుకు వెళ్లారు?" అని అడిగింది.

 ఇంజిన్ ఇబ్బంది పెట్టిందనో, పొగలో పొరపాటు పడ్డాననో చెప్తే ఎంత బాగుండును. "పిక్నిక్ ఉంది," అన్నాడు. "మా వాళ్లు చూస్తారని."

ఏక్తా నవ్వలేదు, కోప్పడలేదు. సొరుగులోంచి ఫారం తీసి ఇచ్చింది. అతను కూర్చుని రాశాడు. తేదీ, సమయం, ఎత్తు, దారి వదిలిన కారణం. రేడియోలో మాట విన్నాననీ, పట్టించుకోలేదనీ రాశాడు. ఈ సంగతి ఇంతకుముందే తెలిసినవాళ్లు స్కూలు సిబ్బందిలో ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకి లేరు అని రాశాడు. స్నేహకి దీనితో ఏ సంబంధమూ లేదని విడిగా ఒక వాక్యం రాసి దాని కింద గీత గీశాడు. సంతకం పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి గుండె నిండా గాలి పీల్చినట్టనిపించింది.

"చీఫ్ ఎక్కడున్నారు? నేనే ఇస్తాను."

"హ్యాంగర్‌లో. వస్తారు." ఏక్తా ఫారం మొత్తం చదివింది. చదివాక దాన్ని తన దగ్గర ఉంచుకోకుండా అతని ముందుకే తోసింది. తర్వాత తన టాబ్లెట్ తీసి, ఒక స్క్రీన్ తెరిచి బల్ల మీద పెట్టింది.

చార్ట్ బొమ్మ. దాని మీద నీలం రంగు గీత. కుడి వైపు వంగి, వలయంలోంచి దూరి, సరస్సు మీద రెండు చుట్లు తిరిగింది. అతను ఇప్పుడు పెన్సిల్‌తో గీసిన దారికీ దానికీ తేడా పెద్దగా లేదు.

"శనివారం బయల్దేరే ముందు ఇది మీ బ్యాగులో పెట్టాను, గుర్తుందా? దారి పూర్తిగా తప్పితేనే తెరవమన్నాను. మీరు తెరవలేదు. కానీ అది ఆన్‌లోనే ఉంది. వెళ్లిన ప్రతి చోటూ రాసుకుంది."

కోదండరామ్‌కి అర్థం కావడానికి క్షణం పట్టింది. "ఎప్పుడు చూశారు?"

"శనివారం సాయంత్రం ఏడింటికి."

బయట ఏదో విమానం ఇంజిన్ ఆగింది. ఏక్తా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీరు ఆదివారం వచ్చి చెప్తారనుకున్నాను. వస్తే సులువుగా పోయేదనుకున్నాను. సోమవారం కంప్లెయింట్ వచ్చింది. ఆవిడ కాలు సంగతి అప్పుడు తెలిసింది. సెప్టెంబర్ ఒకటిన నేను ఎయిర్‌లైన్‌లో చేరాలి. నాలుగేళ్లు ఎదురుచూశాను. ఆ రోజు మీ చార్ట్ మడత విప్పి, చుట్టుపక్కల ఏముందో మీతో చెప్పించుకుని, అప్పుడు మిమ్మల్ని ఒంటరిగా పంపడానికి సంతకం చేయాల్సింది. మడత మీదే చూసి సంతకం చేశాను. అది బయటికొస్తే నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. అందుకని ఊరుకున్నాను. ఇవాళ స్నేహ చుక్కలు పెడుతుంటే కూడా ఊరుకున్నాను."

అతనికి మొదట కలిగింది ఊరట. తనొక్కడే కాదన్న ఊరట. ఆ వెంటనే, ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల తప్పు చూసి ఊరట పడుతున్నానని తెలిసి తల వాలిపోయింది. తను ఆ ఆదివారం వచ్చి ఉంటే ఈ అమ్మాయికి ఈ మూడు రోజులు ఉండేవి కావు.

"మా అమ్మమ్మ చంపాకి తెలుగులో తిట్లు మాత్రం బాగా గుర్తుండేవి," అంది ఏక్తా. తర్వాతి మాట తెలుగులోనే, కాస్త వంకరగా పలికింది. "'సిగ్గు లేదా నీకు' అనేది. మేం నవ్వేవాళ్లం. నిన్న రాత్రి ఇంటి అద్దంలో చూసుకుని ఆ మాట అనుకున్నాను."

ఆమె వేలు ఫారం మీద ఒకచోట ఆగింది. ఇంతకుముందే తెలిసినవాళ్లు సిబ్బందిలో ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న దగ్గర.

"మీరు 'లేరు' అని రాశారు. రాసినప్పుడు మీకు తెలిసినంతలో అది నిజం. ఇప్పుడు కాదు. కొట్టేయమని నేను అడగను. ఉంచమనీ అడగను. నా అంతట నేను చెప్పుకోవాలని ఉంది. కానీ శనివారం నుంచీ అలాగే అనుకుంటున్నాను."

వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. ఏక్తా టాబ్లెట్ స్క్రీన్ ఆపలేదు. నీలం గీత అలాగే వెలుగుతోంది.

చీఫ్ గుమ్మంలో నిలబడి, చేతికున్న నూనె గుడ్డతో తుడుచుకుంటూ ఇద్దరినీ చూశాడు. "కోదండరామ్, తిరిగొచ్చారా?" అని, బల్ల మీది కాగితం కోసం చేయి చాచాడు.

కోదండరామ్ పెన్ను మూత తీసి, 'లేరు' అని రాసిన చోట ఆనించాడు. "ఒక్క నిమిషం," అన్నాడు.